సెంట్రల్ లైన్ కిట్ రివ్యూ: పెట్టెలో వచ్చేది సగం సామానే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆరు నుంచి పది పడకల ఐసీయూ ఉన్న ఏ ఆస్పత్రి స్టోర్ రూమ్ తెరిచినా 7 ఫ్రెంచ్ మందం, మూడు దారులు (ట్రిపుల్ ల్యూమెన్) ఉన్న సెంట్రల్ లైన్ కిట్‌లు నాలుగైదు కనిపిస్తాయి. మెడ, ఛాతీ లేదా తొడ దగ్గరి పెద్ద నరంలోకి వేసే ఈ పైపును రోగి తాలూకు వాళ్లు ‘మెడకి పైపు’ అంటారు. బీపీ పడిపోయి నార్‌అడ్రినలిన్ ఎక్కించాలన్నా, చేతుల్లో నరాలు దొరకకపోయినా, ఒకేసారి మూడు నాలుగు మందులు వేరువేరుగా వెళ్లాలన్నా ఇదే దారి. ఈ రివ్యూ ఫలానా బ్రాండ్ మీద కాదు. బజారులో దొరికే మామూలు కిట్, డ్రేపు (రోగిని కప్పే స్టెరైల్ గుడ్డ), గౌనులతో కలిపి వచ్చే పెద్ద కిట్, మందు పూత పూసిన కిట్, ఈ మూడు రకాలనూ ఒకే ప్రశ్నతో తూచాం: రోగి రక్తంలోకి క్రిమి వెళ్లకుండా ఈ పెట్టె ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తాం. పైపు, సూది, వైరు విషయంలో మామూలు కిట్‌కు పెద్దగా వంక పెట్టక్కర్లేదు. లైను వేయడానికి కావలసినవన్నీ అందులో ఉంటాయి. ఇన్ఫెక్షన్ రాకుండా వేయడానికి కావలసినవే ఉండవు. వాటిని విడిగా కొనాలి, కొన్నవాటిని ఒక్కచోట పెట్టాలి. ఆ లెక్క వేసుకోకుండా కిట్ ధర దగ్గర బేరమాడితే ఏనుగును కొని అంకుశం దగ్గర పీనాసితనం చేసినట్టే.

ఈ కొలత మేం కల్పించుకున్నది కాదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ఐసీయూ డాక్టరుగా పనిచేసిన పీటర్ ప్రొనోవోస్ట్ లైన్ ఇన్ఫెక్షన్ల మీద చేసిన పని నుంచి తీసుకున్నది. అక్కడి సర్జికల్ ఐసీయూలో 1998 మొదటి మూడు నెలల్లో వెయ్యి లైన్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు లైను ఉంటే అది ఒక లైన్ రోజు) 11.3 ఉన్న ఇన్ఫెక్షన్లు 2002 చివరి మూడు నెలలకు సున్నాకు వచ్చాయి. ఆ పద్ధతినే మిషిగన్ రాష్ట్రంలోని వందకు పైగా ఐసీయూల్లో పెట్టి చూశారు. 2006 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం సగటు రేటు 7.7 నుంచి ఏడాదిన్నర నాటికి 1.4కు పడిపోయింది. మధ్యస్థ రేటు 2.7 నుంచి మూడు నెలల్లోనే సున్నా అయింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఐదే పనులు: చేతులు శుభ్రం చేసుకోవడం, టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకుని రోగిని నిండా కప్పడం, చర్మానికి క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ రాయడం, వీలైనంతవరకు తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరిన లైనును తీసేయడం. ఈ ఐదింటినీ పక్కన పెట్టుకుని పెట్టె విప్పుదాం.

పెట్టె లోపల

మామూలు కిట్‌లో ట్రే మీద వరసగా ఉండేవి ఇవి. 18 గేజ్ సూది, 5 మి.లీ. సిరంజి, 0.032 అంగుళాల మందంతో 60 సెం.మీ. గైడ్ వైరు, దారిని వెడల్పు చేసే డైలేటరు, 11 నంబరు బ్లేడు, మూడు దారుల కాథెటరు (నరంలో ఉండే పైపు), కదలకుండా పట్టే క్లాంపు, మూతలు. కాథెటరులో కొసన తెరుచుకునే దారి 16 గేజ్, మిగతా రెండూ 18 గేజ్. రక్తం, వేగంగా ఎక్కించే సెలైన్ లాంటివి కొస దారికి తగిలించి, నార్‌అడ్రినలిన్‌కు ఒక దారిని అచ్చంగా వదిలేయాలి. ఆ దారిలో మధ్యలో ఇంకో మందు తోశారంటే పైపులో నిలిచి ఉన్న నార్‌అడ్రినలిన్ ఒక్కసారిగా లోపలికి పోయి బీపీ ఎగురుతుంది.

కొనేటప్పుడు ఎక్కువగా పొరబడేది పొడవు దగ్గర. ఆర్డరు ఫారంలో ‘సీవీసీ 7 ఫ్రెంచ్’ (సీవీసీ అంటే సెంట్రల్ లైనే) అని మాత్రమే రాస్తే వచ్చేది చాలాసార్లు 20 సెం.మీ. రకం. కుడి మెడ నుంచి వేసేటప్పుడు ఎంత లోపలికి పోవాలన్నదానికి పాత అంచనా ఒకటుంది: మనిషి ఎత్తు సెంటీమీటర్లలో ఎంతో, అందులో పదోవంతు. 155 సెం.మీ. ఎత్తున్న ఆడమనిషికి అది పదిహేనున్నర. 20 సెం.మీ. కాథెటరు వేస్తే నాలుగున్నర సెంటీమీటర్ల పైపు మెడ బయట మిగిలిపోతుంది. అప్పుడు రెండు ముక్కల క్లాంపు అవసరమవుతుంది. మెత్తటి ముక్క పైపు చుట్టూ తొడిగి, గట్టి ముక్క దానిపై నొక్కి, రెండు పక్కలా కుట్టు వేయాలి. తొందరలో ఆ క్లాంపుకు మాత్రమే కుట్టేసి అసలు హబ్ (మందులు తగిలించే బయటి మూతి) రెక్కలను వదిలేస్తారు. మిగిలిన పైపు విల్లులా వంగి డ్రెస్సింగును కింది నుంచి ఎత్తుతుంది. రోగి తల తిప్పిన ప్రతిసారీ పైపు కొంచెం లోపలికీ బయటికీ జరుగుతుంది, చర్మం మీది క్రిములు దానితోపాటే ప్రయాణం చేస్తాయి. కుడి మెడకు 15 లేదా 16 సెం.మీ. కిట్ తెప్పిస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు. ఎడమ వైపు వేసేవాళ్ల కోసం 20 రకం రెండు ఉంచుకుంటే చాలు. కొస ఎక్కడుందో ఎలాగూ ఎక్స్‌రేలో చూసుకోవాల్సిందే, ఈ లెక్క అంచనాకు మాత్రమే.

వైరు నాణ్యత చూడటానికి సులువైన దారి దాని జె-కొన. ప్లాస్టిక్ గొట్టంలోకి లాగి బొటనవేలితో బయటికి తోస్తే కొన మళ్లీ కొక్కెంలా వంగాలి. చవక రకాల్లో కొన్నింటికి రెండు మూడుసార్లు లాగేసరికి కొక్కెం సాగి నిలువుగా అయిపోతుంది. అలాంటి వైరు నరం గోడకు గుచ్చుకుంటుంది. పది సెంటీమీటర్లకో గీత ఉన్న వైరే కొనాలి. గీతలు లేకపోతే ఎంత లోపలికి పోయిందో తెలియదు, గుండె గది తగిలి మానిటరులో లయ తప్పిన బీట్లు కనిపించాక గాని వెనక్కి లాగరు. ఇక వైరును చేత్తో పట్టుకోకుండా కాథెటరు తోయకూడదన్నది ఏ కిట్‌కైనా ఒకటే నియమం. వైరు తోక కాథెటరు గోధుమరంగు హబ్ నుంచో, ఆ కిట్‌లో కొస దారికి ఏ రంగు ఇచ్చారో ఆ హబ్ నుంచో బయటికొచ్చి చేతికి చిక్కాకే కాథెటరు ముందుకు జరగాలి.

డైలేటరు మొత్తం పొడవునా దించాల్సిన వస్తువు కాదు. చర్మం, దాని కింది పొర దాటి నరం దాకా దారి చేస్తే దాని పని అయిపోయినట్టే. ఎక్కువ బిరుసుగా ఉన్న డైలేటరును అడుగుదాకా నెడితే నరం అవతలి గోడ చిరుగుతుంది.

మామూలు కిట్‌లో అన్నిటికంటే నాసిగా ఉండేది డ్రేపు. మధ్యలో కన్నం ఉన్న సుమారు 60 సెం.మీ. చదరపు గుడ్డ ఒకటి మడత పెట్టి ఉంటుంది, కొన్నిటిలో అదీ ఉండదు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. కన్నం మధ్యలో ఉంది కాబట్టి ఏ పక్కకైనా గుడ్డ 30 సెం.మీ. మాత్రమే. వైరు 60 సెం.మీ. అందులో 15, 20 లోపలికి పోతే ఇంకా 40 సెం.మీ. బయట స్ప్రింగులా ఊగుతుంటుంది. కాథెటరు ఎక్కించేటప్పుడు ఆ తోక గుడ్డ అంచు దాటి దిండుకో, వెంటిలేటరు గొట్టానికో, రోగి జుట్టుకో తగలక మానదు. తగిలిన వైరు మీదుగానే కాథెటరు నరంలోకి జారుతుంది. ‘తల నుంచి పాదం దాకా కప్పండి’ అన్న మాట కొందరికి అతి జాగ్రత్తలా అనిపిస్తుంది గాని, దాని వెనకున్నది ఈ నలభై సెంటీమీటర్లే.

విడిగా కొనాల్సినవి

మొదటిది క్లోర్‌హెక్సిడిన్. ఇక్కడ సీసా మీది లేబుల్ చదవడం రాకపోతే డబ్బు పోయినా పని జరగదు. కావలసింది 70 శాతం ఆల్కహాల్‌లో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్, అది కూడా బరువు లెక్కన, అంటే లేబుల్ మీద ‘డబ్ల్యూ/వీ’ అని ఉండాలి. మన దగ్గర గోడకు తగిలించే నీలం రంగు చేతి రబ్బు సీసా మీద ‘క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ సొల్యూషన్ ఐ.పి. 2.5 శాతం వీ/వీ’ అని, అంటే పరిమాణం లెక్కన, రాసి ఉంటుంది. రెండున్నర అంటే రెండు కంటే ఎక్కువే కదా అని దాన్నే మెడకు పూసేస్తారు. ఐ.పి. (భారత ఫార్మకోపియా) సొల్యూషన్‌లో అసలు మందు ఐదో వంతే. కాబట్టి 2.5 వీ/వీ అంటే నిజానికి 0.5 డబ్ల్యూ/వీ. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకం చర్మానికి అడిగేది 0.5 కంటే ఎక్కువ. మనకు కావలసిన 2 శాతం రావాలంటే లేబుల్ మీద 10 శాతం వీ/వీ ఉండాలి. ఆపరేషన్ థియేటర్‌లో చేతులు కడుక్కునే 4 శాతం స్క్రబ్బు ఇంకో వస్తువు. దానిలో సబ్బు ఉంటుంది, ఆల్కహాల్ ఉండదు. మూడు సీసాలూ ఒకే అలమారాలో ఉంటే తారుమారు కాక మానవు, స్టిక్కరు వేసి ‘లైనుకు మాత్రమే’ అని రాసి విడిగా పెట్టండి.

వాడే తీరు: మెడ దగ్గరైతే ముందుకూ వెనక్కూ రుద్దుతూ 30 సెకన్లు, ఆ తర్వాత తనంత తాను ఆరడానికి కనీసం మరో 30 సెకన్లు. గజ్జల్లాంటి చెమ్మ చోట రెండు నిమిషాలు రుద్దాలి, నిమిషం ఆరాలి. విసరకూడదు, గాజుగుడ్డతో తుడవకూడదు. వెంట్రుకలుంటే క్లిప్పరుతో తీయాలి, రేజరుతో గీస్తే చర్మం మీద కంటికి కనపడని గాట్లు పడి క్రిములకు ఇళ్లు కట్టిచ్చినట్టవుతుంది. రెండు నెలల లోపు పసికందులకు ఈ లెక్కలు వర్తించవు.

పొవిడోన్ అయోడిన్‌తో సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఫ్రాన్స్‌లో ఒలివియే మిమోజ్ బృందం 11 ఐసీయూల్లో 2,546 మంది మీద ఈ ప్రశ్ననే తేల్చింది. 2015లో లాన్సెట్‌లో వచ్చిన ఆ ఫలితాల్లో ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్ వాడినవాళ్లలో వెయ్యి లైన్ రోజులకు 0.28, ఆల్కహాల్ కలిపిన పొవిడోన్ అయోడిన్ వాడినవాళ్లలో 1.77 లైన్ ఇన్ఫెక్షన్లు తేలాయి. మన ఆస్పత్రుల్లో వాడే గోధుమరంగు సీసాలో చాలాసార్లు ఆ ఆల్కహాల్ కూడా ఉండదు, పైగా అది ఆరడానికి పట్టే రెండు నిమిషాలు ఎవరూ ఆగరు. క్లోర్‌హెక్సిడిన్ పడనివాళ్లు అరుదుగా ఉంటారు, అలాంటివాళ్లకు అయోడిన్ అక్కరకొస్తుంది. లైను వేసిన నిమిషాల్లో ఉన్నట్టుండి బీపీ పడి దద్దుర్లు వస్తే దీన్నీ అనుమానించాలి.

రెండోది పెద్ద డ్రేపు, స్టెరైల్ గౌను, రెండు సైజుల గ్లౌజులు. పెద్ద కిట్‌లలో ఇవన్నీ కలిపే వస్తాయి, కాకపోతే గ్లౌజులు ఏడున్నర సైజు ఒక్కటే పెడతారు. ఆరున్నర చేతికి ఏడున్నర గ్లౌజు వేస్తే వేళ్ల కొసల్లో రబ్బరు వేలాడి వైరు జారుతుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ వేసేవాళ్లకు ప్రోబు తొడుగు, స్టెరైల్ జెల్ కావాలి, ఈ రెండూ ఏ మామూలు కిట్‌లోనూ రావు. సీసాలోంచి పిండే మామూలు జెల్‌ను తొడుగు లోపలి వైపు వాడుకోవచ్చు, చర్మం మీద మాత్రం స్టెరైల్ జెల్ ప్యాకెట్టే.

పెద్ద కిట్ కొనాలా, విడివిడిగా కొని కూర్చుకోవాలా? నెలకు పదీ పదిహేను లైన్లు వేసేచోట విడిగా కొనడమే లాభం. నెలకు రెండో మూడో వేసేచోట పెద్ద కిట్ తీసుకోండి, ఎందుకంటే అక్కడ గౌను ఎక్కడుందో వెతకడానికి పోయిన సిస్టర్ వచ్చేలోపే లైను పడిపోతుంది. హాప్కిన్స్‌లోనూ కథ ఇదే. సామాను ఒకచోట, డ్రేపు ఇంకోచోట ఉండేవి. అందుకే అన్నీ పెట్టిన బండి ఒకటి తయారుచేశారు. మనకు బండి అక్కర్లేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా రెండు చాలు. ఒక లైనుకు కావలసినవన్నీ ఒక డబ్బాలో పెట్టి, మూతకు టేపు అంటించి, లోపల అన్నింటికంటే ముందుగా గడువు తీరే వస్తువు తేదీని మూత మీద రాయాలి. వాడగానే రెండో డబ్బా ముందుకొస్తుంది, మొదటిదాన్ని ఆ షిఫ్టులోనే నింపాలి.

ఎక్కడ వేయాలి: ఉద్దానం మెలిక

తొడ దగ్గర వద్దనడానికి కారణం అందరికీ తెలిసిందే, మలమూత్రాల పక్కనే కాబట్టి. కాలర్ ఎముక కింది సబ్‌క్లేవియన్, మెడలోని జుగులర్, ఈ రెంటిలో ఏది మేలు? 2015లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్-జాక్ పరియాంటి బృందం మూడు చోట్లనూ పోల్చింది. ఇన్ఫెక్షన్, రక్తం గడ్డ కలిపి చూస్తే వెయ్యి లైన్ రోజులకు సబ్‌క్లేవియన్‌లో 1.5, జుగులర్‌లో 3.6, తొడలో 4.6. సబ్‌క్లేవియన్ గెలిచింది గాని, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఛాతీలో గొట్టం వేయాల్సి వచ్చిన కేసులు దానిలోనే ఎక్కువ, 1.5 శాతం. జుగులర్‌లో 0.5 శాతం.

ఈ అంకెలను ఉన్నవున్నట్టు తెచ్చి శ్రీకాకుళంలో వాడితే ఒక చోట బెడిసికొడుతుంది. ఉద్దానం ప్రాంతం, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి వచ్చే రోగికి కిడ్నీ జబ్బు ఉండే అవకాశం చాలా ఎక్కువ. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఇంకా రాకపోయినా అడగాలి. సబ్‌క్లేవియన్‌లో వేసిన లైను తీసేశాక కూడా ఆ నరం సన్నబడిపోవచ్చు. రేపు ఆ మనిషికి డయాలసిస్ కోసం అదే చేతికి ఫిస్టులా (ధమనినీ నరాన్నీ కలిపే ఆపరేషన్) వేయాల్సి వస్తే రక్తం వెనక్కి తిరిగి రాక చెయ్యి వాచిపోతుంది, ఫిస్టులా పాడవుతుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషికి ఫిస్టులా ఎంత విలువైనదో పలాస చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఉద్దానం రోగికి కుడి జుగులరే మొదటి చోటు. డయాలసిస్ కాథెటరు ఇప్పటికే ఉంటే దానికి సెలైన్ తగిలించే ఆలోచన మానుకోండి. ఆ దారులు డయాలసిస్‌కు తప్ప ఇంకెందుకూ తెరవకూడదు.

పెట్టెలో రానిది ఇంకొకటి

ప్రొనోవోస్ట్ మొదట చేసిన పని చెక్‌లిస్టు కాగితం ఇచ్చి డాక్టర్లను ఏమీ అనకుండా, సిస్టర్లను పక్కన నిలబడి చూసి రాయమనడం. మూడింట ఒక వంతు కంటే ఎక్కువ మంది రోగుల విషయంలో డాక్టర్లు ఏదో ఒక మెట్టు దాటేస్తున్నారని తేలింది. ఏం చేయాలో తెలియని డాక్టర్లు కారు వాళ్లు. ఆ తర్వాతే సిస్టర్లకు ఆపే అధికారం ఇచ్చారు, ఆపితే యాజమాన్యం వెనక నిలబడుతుందని ముందే చెప్పారు.

ఇప్పుడు చెక్‌లిస్టు కాగితం కిట్ పెట్టెలోనే పెట్టి అమ్ముతున్నవి ఉన్నాయి. ఆ కాగితానికి మేం మార్కులు వేయలేదు. చాలా చోట్ల లైను అయిపోయాక టీ తాగుతూ అన్నిటికీ టిక్కు పెట్టి ఫైలులో పెడతారు. దాని విలువ ఒక్క చోటే తెలుస్తుంది: రాత్రి రెండింటికి సీనియర్ డాక్టరు గౌను లేకుండా సూది పట్టుకుంటే, ఏడాది అనుభవం ఉన్న సిస్టరు “సార్, ఒక్క నిమిషం ఆగండి, గౌను ఇస్తాను” అనగలదా? అంటే తెల్లారి ఆమెకు చీవాట్లు పడకుండా ఉంటాయా? మన వైపు ‘సార్’ను ఆపడం అంత తేలిక కాదు. అందుకని వాక్యం ముందే రాసిచ్చిన చోట పని జరుగుతుంది. “సార్, డ్రేపు జారింది”, “సార్, ఇంకా ఆరలేదు”, “సార్, చేతులు” అన్న మూడు మాటలు ట్రాలీకి అంటించి, ఈ మాట వినబడితే ఆగాలని డాక్టర్ల మీటింగులో చెప్పాలి. ప్రాణం పోయే తొందరలో నియమాలన్నీ పాటించకుండా వేసిన లైనుకు వేరే మందు లేదు, 48 గంటల్లోపు తీసేసి కొత్తది వేయాలి.

మందు పూత రకం

క్లోర్‌హెక్సిడిన్, సిల్వర్ సల్ఫాడయజిన్ పూసినవి, మినోసైక్లిన్, రిఫాంపిసిన్ పూసినవి ఉన్నాయి. పనిచేస్తాయి. కానీ ఐదు పనులూ సరిగా చేస్తూ కూడా రేటు తగ్గకపోతే, లైను ఐదు రోజులకు మించి ఉంటుందనుకుంటే అప్పుడు ఆలోచించాల్సినవి ఇవి. చిన్న డ్రేపు వాడుతూ పూత కాథెటరు కొనడం తలుపు తీసి పెట్టి తాళం కొన్నట్టు.

వేశాక

లైను పడటంతో పండగ అయిపోదు. వారం దాటిన లైన్లలో క్రిమి ఎక్కువగా హబ్‌ల గుండా లోపలికి దూరుతుంది. కిట్‌తో వచ్చే మూతలు ఉత్త మూతలే, సూది లేకుండా తగిలించే కనెక్టర్లు విడిగా కొనాలి. మూడు దారుల స్టాప్‌కాక్ (తిప్పే చిన్న కుళాయి) మూతను తీసి మంచం మీద పెట్టి, మందు ఇచ్చి, అదే మూత మళ్లీ పెట్టడం ప్రతి ఐసీయూలో రోజుకు పదిసార్లు కనిపించే దృశ్యం. తీసిన మూత పారేయాలి, కొత్తది పెట్టాలి. మందు ఇచ్చే ముందు 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు నిమ్మకాయ పిండినట్టు తిప్పి తుడిచి, ఆరనివ్వాలి. పైపును సెలైన్‌తో కడిగే ఫ్లష్‌కు 10 మి.లీ. సిరంజి వాడాలి, చిన్న సిరంజితో ఒత్తిడి ఎక్కువై పైపు దెబ్బతింటుంది. సెలైన్ సెట్లు రోజూ మార్చక్కర్లేదు, 96 గంటలకు ముందు మార్చడం వల్ల లాభం లేదు. రక్తం, కొవ్వు ద్రావణాలు వెళ్లిన సెట్లు 24 గంటల్లో, మత్తుమందు ప్రొపొఫాల్ సెట్లు 6 నుంచి 12 గంటల్లో తీసేయాలి.

డ్రెస్సింగు గురించి పుస్తకం చెప్పేది పారదర్శక రకం ఏడు రోజులకు, గాజుగుడ్డ రెండు రోజులకు అని. సముద్రగాలి, ఉక్కపోత ఉన్న మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఏసీ సరిగా పనిచేయని ఐసీయూలో ఆ ఏడు రోజులు నిలవడం కష్టం. ఫ్రాన్స్‌లోనే జాన్-ఫ్రాన్స్వా తిమ్‌సిట్ బృందం చూసినప్పుడు మూడింట రెండు వంతుల డ్రెస్సింగులు ఊడడం వల్లో మురికి వల్లో గడువుకు ముందే మార్చాల్సి వచ్చింది, రెండోసారి ఊడాక ఇన్ఫెక్షన్ ముప్పు మూడింతలకు పైగా పెరిగింది. అంచు లేచిన చోట మైక్రోపోర్ టేపు అంటించి గండం గడుపుకోవడం వద్దు, అప్పుడే మార్చండి. చెమట, రక్తం కారుతున్నంతకాలం గాజుగుడ్డే మేలు. కొత్త డ్రెస్సింగు అంటించే ముందు క్లోర్‌హెక్సిడిన్ పూర్తిగా ఆరాలి, తడి మీద అంటిస్తే జిగురు పట్టదు, చర్మం కూడా పొక్కుతుంది.

కిట్ మార్చినందుకు ఫలితం వచ్చిందా లేదా తెలియాలంటే లెక్క ఉండాలి. రోజూ ఒకే సమయానికి ఎంతమందికి లైను ఉందో రాయండి, అంతే. ఎనిమిది పడకల ఐసీయూలో సగటున ఐదుగురికి లైను ఉంటే నెలకు 150 లైన్ రోజులు. ఆ నెలలో ఒక్క ఇన్ఫెక్షన్ వస్తే రేటు 6.7. ఏడు భారతీయ నగరాల ఐసీయూల నుంచి 2007లో ప్రచురించిన రేటు 7.92. అయితే ఇంత చిన్న ఐసీయూలో ఒక నెల సున్నా వచ్చిందని సంబరపడొద్దు, ఆరు నెలలు కలిపి చూడండి. జ్వరం వస్తే యాంటీబయాటిక్ ఇచ్చే ముందే లైను నుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి పెరుగుతుందా అని చూసే పరీక్ష) తీయాలి, రెండిట్లోనూ సమానంగా రక్తం పోయాలి. లైను సీసా రెండు గంటలు ముందు పాజిటివ్ అయితే దోషం లైనుదే. శాంపిళ్లు సాయంత్రం బస్సులో విశాఖ ల్యాబుకు పోయే ఆస్పత్రుల్లో ఈ రెండు గంటల తేడా నమ్మదగ్గది కాదు, దారిలోనే క్రిమి పెరిగిపోతుంది. ఆ సీసాలను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మాత్రం వెంటనే మానాలి, గది వేడిలోనే ఉంచాలి.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

కిట్‌లను ఎథిలీన్ ఆక్సైడ్‌తో స్టెరిలైజ్ చేస్తారు. గాలి ఆడే కాగితపు మూత తడిస్తే, ముడతలు పడితే, అంచు లేస్తే ఆ కిట్ పనికిరాదు. స్టోర్‌లో వీటిని గోడకు ఆనించి, నేల మీద పెట్టే అట్టపెట్టెల్లో ఉంచొద్దు. వానాకాలంలో అట్ట చెమ్మ పీల్చుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి సంగతి గుర్తున్నవాళ్లకు రెండు వారాలకు సరిపడా కిట్‌లు ఎందుకు నిల్వ ఉంచాలో చెప్పనక్కర్లేదు. పార్శిల్ దిగగానే ఐదు కిట్‌లకు ఒకటి చొప్పున మూత అంచు, పొడవు, గడువు చూసి, తేడా ఉంటే డెలివరీ మనిషి ఉండగానే వెనక్కివ్వండి. సంతకం పెట్టాక వెనక్కి తీసుకోరు. పెట్టె మీది ఎం.ఆర్.పి.కీ ఆస్పత్రికి పడే ధరకూ పోలికే ఉండదు కాబట్టి దాన్ని చూసి నాణ్యత అంచనా కట్టొద్దు. తెరిచి వాడని వైరును, డైలేటరును మళ్లీ స్టెరిలైజ్ చేసి ఇంకొకరికి వాడటం తప్పు. వైరు చుట్టల మధ్యకు వేడి గానీ ద్రవం గానీ సరిగా చేరదు.

తీసేటప్పుడు

ఏ కిట్‌లోనూ తీసే రోజును గుర్తుచేసే వస్తువు ఉండదు. డ్రెస్సింగు మూల మీద వేసిన తేదీ రాసి, రౌండ్సులో ప్రతి ఉదయం “ఈ లైను ఈ రోజు ఎందుకు కావాలి?” అని గట్టిగా అడగాలి. ‘మళ్లీ నరం దొరకదేమో’ అన్నది జవాబు కాదు, ముందు చేతికి కాన్యులా పెట్టి చూడండి. తీసేటప్పుడు రోగిని వెల్లకిలా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, వెంటిలేటరు మీద ఉంటే గాలి లోపలికి పోతున్న క్షణంలో లాగాలి. కూర్చోబెట్టి తీస్తే ఆ కన్నం గుండా గాలి గుండెకు చేరుతుంది. కనీసం ఐదు నిమిషాలు నొక్కి పట్టి, గాలి దూరని డ్రెస్సింగు వేసి 24 గంటలు ఉంచండి. పైపు మొత్తం వచ్చిందో లేదో కొస దాకా చూసి ఫైలులో రాయండి. తీసిన ప్రతి కొసనూ కత్తిరించి కల్చర్‌కు పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. జ్వరం, అనుమానం లేనప్పుడు అది ల్యాబు బిల్లు పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదు.